నేటి కళకొక నిలయము

మన యిండ్లలో పెద్దలకు అరువది యేండ్లు నిండినపుడు షష్టిపూర్తియు, డెబ్బదియవ యేట భీమరథశాంతియు జరుపుట ఆచారము. ఆనాడు బంధుమిత్రులందరు చేరుదురు. పిన్నలు పెద్దలకు నమస్కరించి ఆశీస్సులు పొందుదురు. అది విందు వినోదముల దినము మాత్రమే కాదు. గడచిన జీవితము నొక్కమారు వెనుదిరిగి చూచుకొని, చేసిన పనులను, చేయవలసి మిగిలిన పనులను లెక్క వేసికొను దినము. మనుష్యులకువలెనే సంస్థలకును అట్టి దినములు వచ్చుచుండును. ఢిల్లీ నగరమునందలి జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాలకు 2024వ సంవత్సరము మార్చి 29వ తేదీతో డెబ్బది యేండ్లు నిండినవి. ఆ శాల ఏల పుట్టినది? అందేమి దాచియుంచిరి? దానివలన మనకేమి ప్రయోజనము? ఈ విషయములను తెలిసికొందము.

ప్రాచీన వస్తువులను భద్రపరచు శాలలు మన దేశమున అనేకములు గలవు. నేల త్రవ్వినపుడు దొరకిన విగ్రహములు, నాణెములు, శాసనములు, రాజుల ఆయుధములు మొదలగునవి అందుండును. వాని విలువనుగూర్చి నేడెవ్వరికిని సందేహము లేదు. వేయి యేండ్లనాటి విగ్రహమును చూడగానే చేతులు జోడింతుము. కాని మన కాలముననే జీవించుచు, మన వీథిలోనే నడచుచు, మనవలెనే కూరగాయలు కొనుచు చిత్రములు వ్రాయువాని మాట యేమి? వాని పని గొప్పదో కాదో చెప్పుటకు కాలమింకను తీర్పు నీయలేదు. తీర్పు వచ్చువరకు వేచియుందమన్నచో, ఆ లోపల చిత్రము చెదలపాలు కావచ్చును, విదేశములకు తరలిపోవచ్చును, విలువ తెలియని వారసులు పాత సామానుతోబాటు దానిని పారవేయవచ్చును. అందుచేత మన కాలపు కళను మన కాలముననే కాపాడు నిలయ మొకటి కావలయును. ఆధునిక కళాప్రదర్శనశాల యనగా నిట్టిదే.

పూర్వము ఈ బాధ్యతను రాజులును, జమీందారులును వహించెడివారు. చిత్రకారులును, శిల్పులును ఆస్థానముల నాశ్రయించి జీవించెడివారు. 1947లో స్వాతంత్ర్యము వచ్చిన పిదప సంస్థానములు దేశమున విలీనమైనవి, జమీందారీలు రద్దయినవి. అది న్యాయమైన మార్పే. అయినను, ఇకమీదట కళాకారుని ఆదరించువా రెవ్వరను ప్రశ్న పుట్టినది. ప్రజలే ప్రభువులైనపుడు ప్రభువుల ధర్మమును ప్రజలే నెరవేర్పవలయును గదా! ప్రజల పక్షమున ఒక జాతీయ చిత్రశాలను నెలకొల్పవలయునను ఆలోచన 1949లో రూపు దాల్చినది. ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ, విద్యామంత్రి మౌలానా అబుల్ కలాం ఆజాదు ఈ ఆలోచనను పెంచి పోషించిరి.

ఆ దినములను మనసునకు తెచ్చుకొనుడు. దేశవిభజనవలన ఇండ్లు వాకిండ్లు విడిచి వచ్చిన లక్షలాది జనులకు నీడ కల్పింపవలసియుండెను. తిండిగింజలకు కొరత యుండెను. 1951లో మొదటి పంచవర్ష ప్రణాళిక ప్రారంభమై, ఆనకట్టలకును, సేద్యమునకును ధన మెంతయో కావలసి వచ్చెను. అట్టి సమయమున బొమ్మలకొఱకు ధనము వెచ్చించుట తగునా యని యెవరైన నడిగినచో, ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. ఆకలిగొన్నవానికి మొదట అన్నమే పెట్టవలయును. అందు వివాదము లేదు. అయినను ఒక మాట గమనింపుడు. పంట ఒక యేడు పోయినచో మరుసటి యేడు పండును. ఒక చిత్రకారుని జీవితకాలపు కృషి నశించినచో అది మరల పండదు. పేదవాడైన రైతు సైతము ఆకలిబాధలోను విత్తనపు గింజలను వేరుగా దాచుకొనును. జాతి తన కళను దాచుకొనుటయు నిట్టిదే.

1954వ సంవత్సరము మార్చి 29వ తేదీన, నెహ్రూ సమక్షమున, ఆనాటి ఉపరాష్ట్రపతి డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్ ఈ శాలను ప్రారంభించిరి. ఆయన 1931 మొదలు 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండినవారు. శాలకొఱకు ఎన్నుకొన్న భవనము ఇండియా గేటు చెంతనున్న జయపూరు భవనము. 1936లో జయపూరు మహారాజు నివాసముగా దానిని నిర్మించిరి. నడుమ గుమ్మటము, ఇరువైపుల రెక్కలవలె చాచిన భాగములు గలిగి, ఆ కట్టడము సీతాకోకచిలుకవలె కన్పట్టును. ఒకనాడు మహారాజునకును, ఆయన అతిథులకును మాత్రమే తెరచిన తలుపులు నాటినుండి సామాన్య ప్రజలకు తెరచుకొన్నవి.

శాలకు మొదటి అధ్యక్షుడుగా హెర్మన్ గోట్జ్ అను జర్మను పండితుని నియమించిరి. బరోడా నగరమునందలి వస్తుసంగ్రహాలయమును తీర్చిదిద్దిన అనుభవము ఆయనకు గలదు. ప్రారంభ సందర్భమున ఆయన శిల్పప్రదర్శన మొకటి ఏర్పాటు చేసెను. అందు ప్రథమ బహుమతి పొందిన శిల్పము పేరు ‘శ్రమ విజయము’. దేవతలు గాని, చక్రవర్తులు గాని అందు లేరు. కండలు తేలిన నలుగురు కూలీలు ఏకమై ఒక పెద్ద బండను కదలించుచుండుటయే అందలి విషయము. ఆ బరువు మన భుజములమీదనే పడినట్లు తోచును. దానిని మలచినవాడు దేవీప్రసాద రాయ్ చౌదరి. ఆయన 1929 మొదలుకొని చిరకాలము మద్రాసు ప్రభుత్వ చిత్రకళాపాఠశాలకు ప్రధానాచార్యుడుగా నుండెను. తెలుగువారికిని ఈ శిల్పముతో పరిచయము గలదు. 1959లో మద్రాసు సముద్రతీరమున దీనిని నిలిపిరి. ఆ నగరమునకు పోయినవారు నేటికిని దానిని అచ్చట చూడవచ్చును. చెమటోడ్చి పనిచేయు మనుష్యుడు కళకు తగిన విషయమేయని క్రొత్త చిత్రశాల తన మొదటి దినముననే చాటినది.

ఇక శాలలోని నిధులను కొన్నింటిని చూతము. 1850 ప్రాంతమునుండి నేటివరకు వెలువడిన చిత్రములు, శిల్పములు, అచ్చుచిత్రములు, ఛాయాచిత్రములు ఇందు గలవు. వాని సంఖ్య 14,000లకు మించినది. రాజా రవివర్మ, అవనీంద్రనాథ ఠాకూరు, నందలాల్ బోసు, జామినీ రాయ్ మొదలగు ప్రసిద్ధుల కృతులు వానిలో చేరియున్నవి.

నందలాల్ బోసు చిత్రములలో ‘హరిపుర పటములు’ అనునవి విశేషముగా చెప్పదగినవి. 1938లో గుజరాతునందలి హరిపురమను గ్రామమున కాంగ్రెసు మహాసభ జరిగెను. సభాప్రాంగణమును గ్రామీణులకు నచ్చునట్లు అలంకరింపుమని గాంధీమహాత్ముడు నందలాల్ బోసును కోరెను. చిత్రశాలలకు పోలేని పల్లెజనులకు నడచు దారిలోనే చిత్రములు కనబడవలయునని మహాత్ముని అభిలాష. నందలాల్ తన శిష్యులతో గూడి నాలుగు వందలకు సమీపముగా పటములను సిద్ధము చేసెను. చేతితో చేసిన కాగితము, మట్టిరంగులు, దిట్టమైన గీతలు — ఇవియే సాధనములు. భూమి దున్ను రైతు, డోలు వాయించు వాద్యగాడు, వడ్లు దంచు స్త్రీ, చెప్పులు కుట్టువాడు, వేటగాడు — వీరే కథానాయకులు. సభ కొలది దినములలో ముగిసిపోయినది. పందిళ్లు విప్పివేసిరి. పందిళ్లతోబాటు పటములును పోవలసినవే. అయినను వానిలో అనేకములు దక్కి ఈ శాలకు చేరినవి. ఆనాటి పల్లెప్రజల నడకయు, పనియు, ఉత్సాహమును నేటి మన కన్నులకు కనబడుచున్నవన్నచో, అది వానిని దాచినవారి పుణ్యమే.

జామినీ రాయ్ కథయు తెలిసికొనదగినదే. కలకత్తా చిత్రకళాపాఠశాలలో ఆయన పాశ్చాత్య పద్ధతి నభ్యసించి, ధనవంతుల ముఖచిత్రములు వ్రాసి పేరు గడించెను. కాని అది తన సొంత గొంతు కాదని ఆయనకు తోచెను. అపుడు వంగదేశపు పల్లెపటువాలు పటములమీద వ్రాయు బొమ్మలవైపు మరలెను. పొగమసి, నీలిమందు, సుద్ద, ఇంగిలీకము మొదలగు తేలికగా దొరకు రంగులతో, కొద్ది గీతలలో తల్లిని, బిడ్డను, పిల్లిని, సంతాలు నర్తకులను చిత్రించెను. తన చిత్రములు సామాన్య సంసారుల యిండ్లగోడలమీద నుండవలయునను కోరికతో వానిని తక్కువ వెలకే అమ్మెను.

రవీంద్రనాథ ఠాకూరు కవియని మీరందరు నెరుగుదురు. ఆయన చిత్రకారుడనియు మీలో నెందరెరుగుదురు? కవిత వ్రాయునపుడు కొట్టివేసిన పదములను ఆయన గీతలతో కలుపుచుండగా, ఆ కొట్టివేతలే పక్షులుగను, వింత జంతువులుగను, ముఖములుగను మారుచుండెడివి. ఈ వినోదమే క్రమముగా సాధనయై, అరువదియేండ్లు దాటిన పిదప ఆయన నిజముగా కుంచె పట్టెను. ఆయన చిత్రములు మొదట 1930లో పారిస్ నగరమున ప్రదర్శితమైనవి. జీవితాంతమునకు రెండువేలకు మించి చిత్రములు వ్రాసెను. వానిలో కొన్ని యీ శాలయందున్నవి. క్రొత్త విద్య నభ్యసించుటకు ప్రాయము అడ్డు కాదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలయును?

ఈ శాలకు మూలధనమువంటివి అమృతా షేర్‌గిల్ చిత్రములు. ఆమె 1913లో బుడాపెస్టు నగరమున జన్మించెను. తండ్రి పంజాబు దేశస్థుడు, తల్లి హంగరీ దేశస్థురాలు. పారిస్ నగరమున చిత్రకళ నభ్యసించి, 1934లో భారతదేశమునకు తిరిగివచ్చెను. పిమ్మట అజంతా గుహలను, దక్షిణదేశమును సందర్శించి, ఇచ్చటి నిరుపేద స్త్రీపురుషులను తన చిత్రములకు వస్తువుగా గ్రహించెను. 1935లో ఆమె వ్రాసిన ‘ముగ్గురు బాలికలు’ అను చిత్రమీ శాలలో గలదు. ముగ్గురు యువతులు దగ్గరగా కూర్చుండియున్నారు. ఒకరితో నొకరు మాటలాడుట లేదు; మనవైపు చూచుట లేదు. వారి వస్త్రములలో రంగుల వెలుగున్నది, ముఖములలో లేదు. తమ బ్రతుకు ఎటు సాగునో తాము నిర్ణయింపలేని స్థితి వారి కూర్చున్న తీరులోనే తెలియుచున్నది. ఈ చిత్రమునకు 1937లో బొంబాయి కళాసమితి స్వర్ణపతకము లభించెను. కాని పతకము కడుపు నింపదు. ఆమె బ్రతికియున్న కాలమున ఆమె చిత్రములను కొన్నవారు బహు కొద్దిమంది. 1941 డిసెంబరు 5వ తేదీన లాహోరు నగరమున ఆమె మరణించెను. అప్పటి కామె వయస్సు ఇరువది యెనిమిది సంవత్సరములు. 2023లో ఆమె చిత్రమొకటి వేలమున 61 కోట్ల 80 లక్షల రూపాయలకు అమ్ముడుపోయినది. ఆ ధనములో ఒక్క కాసైన ఆమెకు చేరునది కాదు. ఆమె చిత్రములు ఒక్కచోట నిలిచి జాతికి దక్కినవన్నచో, అందుకు ఆమె భర్తయు తండ్రియు వానిని దేశమునకు చేర్చుటయు, దేశము వానిని స్వీకరించి భద్రపరచుటయు కారణములు.

ఇట్టి కథయే తెలుగునాటను జరిగినది. రాజమహేంద్రవరమున 1897లో జన్మించిన దామెర్ల రామారావు, అచ్చటి కళాశాల ప్రధానాచార్యుడు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహముతో బొంబాయికి పోయి చిత్రకళ నభ్యసించెను. తెలుగువారి ముఖకవళికలను, వేషభాషలను, గోదావరీతీరపు సొగసును పటములకెక్కించెను. 1925లో మశూచికము సోకి, ఇరువది యెనిమిదేండ్లైన నిండకయే మరణించెను. కుటుంబమువారును, మిత్రులును ఆయన చిత్రములను జాగ్రత్తపరుపగా, నేడవి రాజమహేంద్రవరమున ఆయన పేరిట నున్న చిత్రశాలలో గలవు. వారట్లు చేయకున్నచో ఆయన పేరు మనకు వినబడెడిదే కాదు. దేశరాజధానియందైనను, గోదావరి యొడ్డుననైనను, భద్రపరచువారి ధర్మమొక్కటియే.

చిత్రములను భద్రపరచుట యనగా గోడకు మేకు కొట్టి తగిలించుట కాదు. శాలకు వచ్చిన ప్రతి కృతికిని ఒక సంఖ్య నిచ్చి, దాని కొలతలు, వ్రాసినవారి పేరు, వచ్చిన విధము పట్టికలో నెక్కింతురు. పిదప దాని శత్రువులనుండి దానిని కాపాడవలయును. మొదటి శత్రువు వెలుతురు. పసుపు ముంచిన గుడ్డను ఎండలో ఆరవేసినచో నాలుగు దినములలో రంగు వెలసిపోవుట మీరు చూచియుందురు. కాగితముమీది చిత్రములకును ఇట్టి ముప్పే కలదు. వెలుతురును కొలుచు మానమునకు లక్సు అని పేరు. నడిమింటి ఎండ ఇంచుమించు లక్ష లక్సులుండును. కాగితముమీది నీటిరంగుల చిత్రములకు 50 లక్సులకు మించిన వెలుతురు తగులనీయరాదని శాలల నియమము. ప్రదర్శనశాల గదులు మసకగా నుండుటకు కారణమిదియే. అంతేకాక, అట్టి చిత్రములను కొన్ని నెలలు చూపి, మరల చీకటి గదిలో విశ్రమింపనిత్తురు.

రెండవ శత్రువు తేమ. వానకాలమున కాగితమునకు బూజు పట్టును. బట్టమీది చిత్రము సడలును. వేసవిలో అది బిగిసి, రంగు పెళుసెక్కి పగుళ్లు తీయును. అందుచేత సంవత్సరము పొడవునను గదులలోని తేమను, వేడిమిని మార్పు లేకుండ నుంచుటకు యంత్రములను వాడుదురు. చెదలు, పురుగులు మూడవ శత్రువు. చెడిన చిత్రమును బాగుచేయు నిపుణులు వైద్యులవంటివారు. ఒక అంగుళము మేర దుమ్ము తుడుచుటకు ఒక పూట పట్టినను వారు తొందరపడరు. ఈ పనివారి పేర్లు ఏ గోడమీదను కనబడవు. వారి పని మాత్రము ప్రతి గోడమీదను కనబడుచుండును.

శాల ముప్పు తప్పించిన చిత్రములు విదేశములకు తరలిపోకుండ శాసనమును గలదు. 1972లో చేయబడిన పురావస్తు కళానిధుల చట్టము ననుసరించి రవివర్మ, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్, రవీంద్రనాథుడు, నందలాల్ బోసు మొదలగు తొమ్మండుగురి కృతులు జాతీయ కళానిధులుగా ప్రకటింపబడినవి. వానిని అమ్ముటకు విదేశములకు పంపరాదు.

డెబ్బది యేండ్లలో శాల పెరిగినది. 1996లో బొంబాయి నగరమందును, 2009లో బెంగుళూరునందును శాఖలు వెలసినవి. 2009లోనే ఢిల్లీలో క్రొత్త భవన మొకటి చేరి, చిత్రములను చూపుటకు తగిన స్థలము ఇంచుమించు ఆరింతలు హెచ్చినది. అయినను ఉన్న కృతులలో కొన్నింటిని మాత్రమే ఒక్కమారు చూపగలరు. తక్కినవి తమ వంతుకై నిరీక్షించుచుండును.

ఈ పనిలో ఒక చిక్కు కలదు; దానిని దాచిపెట్టరాదు. ఏ చిత్రము శాలకు తగినది, ఏది తగనిది అని నిర్ణయించువారు మనుష్యులే. వారికిని ఇష్టానిష్టములుండును. నేడు తిరస్కరించినదానిని రేపటివారు మెచ్చుకొనవచ్చును. నగరవాసియైన కళాకారుడు నిర్ణేతల కంటబడినంత సులభముగా, ఏ మారుమూల పల్లెలోనో కుంచె పట్టినవాడు వారి కంటబడడు. కాబట్టి డెబ్బది యేండ్లు నిండిన శాల దాచిన కృతులనే కాక, తన కన్నుగప్పి పోయిన కృతులనుగూర్చియు తలపోయవలసియున్నది. వార్షికోత్సవములకు నిజమైన ప్రయోజన మీ తలపోతయే.

విద్యార్థులారా! ఆధునిక చిత్రమును చూచి కొందరు, “ఇది మాకర్థము కాలేదు” అని వెడలిపోవుదురు. గణితమున లెక్క మొదటిమారు తెలియనపుడు పుస్తకమును మూసివేయుదుమా? మరల చదువుదుము గదా! చిత్రము నెదుట నిలిచి మూడు ప్రశ్నలు వేసికొనుడు. మొదటిది, ఇందు నాకేమి కనబడుచున్నది? తొందరపడక, ఉన్నదున్నట్లు చెప్పుకొనుడు. రెండవది, దీని నెట్లు చేసిరి? గీత గట్టిదా, మెత్తనిదా? రంగులు కలహించుచున్నవా, కలిసియున్నవా? మూడవది, చూచిన పిదప నా మనస్సెట్లున్నది? ఈ మూటికిని జవాబు చెప్పుకొన్న తరువాతనే ప్రక్కనున్న చీటిని చదువుడు. ముందుగా చీటిని చదివినచో, కన్ను చూడుట మాని చీటి చెప్పినదానినే వెదకును. అన్ని చిత్రములును మీకు నచ్చనక్కరలేదు. నచ్చకపోయినను, ఏల నచ్చలేదో చెప్పగలుగుట మంచి విద్య.

ఢిల్లీకి పోవు అవకాశ మందరికి కలుగకపోవచ్చును. బెంగుళూరు మనకు దగ్గర. రాజమహేంద్రవరము మరింత దగ్గర. హైదరాబాదున సాలార్జంగు వస్తుసంగ్రహాలయమందును ఆధునిక భారతీయ చిత్రములు గలవు. వీనిలో దేనినైనను ఒకమారు చూడుడు. పిదప మీ యూరిలో పరికింపుడు. ఆలయపు గోడమీద, పాఠశాల గోడమీద, పాత యింటి అటకమీద, ఎవరి చేతిపనియో తెలియని చిత్ర మొకటి వెలసిపోవుచుండవచ్చును. దానిని వ్రాసినవారెవరో పెద్దలనడిగి, పేరును, కాలమును ఒక పుస్తకములో వ్రాసియుంచుడు. అది మంచి చిత్రమో కాదో ఇపుడే నిర్ణయింప నక్కరలేదు. పేరు తెలిసినవా రున్నంతలోనే వ్రాసికొనుట మాత్రము అవసరము.